చక్రాలక్క, ఎడమ మలుపు

ఈ ప్రయాణానికి కారణం ఒక చైనా ఆమె. మంచు మీద స్కేటింగ్ పరుగులో తన దేశానికి దారి వేసిన తొలివాళ్ళలో ఒకరట. ఆమె పాత పందెం ఒకటి ఫోన్లో చూసి, ఆమె జీవితం గురించి రాయాలనుకున్నాను. చైనా దూరం, మంచు ఇంకా దూరం. బీదర్‌లో ఉద్యోగం చేసే నా స్నేహితురాలు మాత్రం, "అంత దూరం దేనికే, మా దగ్గరా అట్లాంటి ఆమె ఉంది. మంచుకు బదులు సిమెంటు, అంతే తేడా" అంది. ఆదివారం మధ్యాహ్నం జిల్లా ఎంపిక పోటీ ఉందని కూడా చెప్పింది. నాకు ఆటల మీద పెద్ద మోజు లేదు. ఆదివారం ఖాళీగా ఉంది కాబట్టి బయలుదేరాను.

హైదరాబాద్‌లో పొద్దున ఆరున్నర బస్సు ఎక్కితే జహీరాబాద్ మీదుగా పదింటికల్లా బీదర్‌లో దిగవచ్చు. టికెట్ మూడు వందల లోపే. రైలు కూడా ఉంది కానీ దాని వేళలకూ నా నిద్రకూ పడదు. బస్టాండ్ ముందు కొల్హార్ పారిశ్రామికవాడకు ఆటో మాట్లాడబోతే డ్రైవర్ నన్ను ఎగాదిగా చూశాడు.

"కొల్హార్‌కా అక్కా? ఇయ్యాల ఐతవారం, ఫ్యాక్టరీలన్ని బంద్ ఉంటయి. ఎవలున్నరని పోతున్నరు?"

స్నేహితురాలు చెప్పిన లక్ష్మక్క పేరు చెప్పాను.

"ఓ, చక్రాలక్కనా! ముందుగాల చెప్పొద్దా? కూసోండ్రి."

రెండు వందలు అడిగినవాడు నూట యాభైకి వచ్చాడు. ఆ యాభై నా బేరానిది కాదు, ఆమె పేరుదే.

కొల్హార్‌లో షెడ్లన్నీ షట్టర్లు దించుకుని ఉన్నాయి. లారీలు లేని రోడ్డు మీద ఎనిమిది మంది ఆడపిల్లలు చక్రాల బూట్లతో దూసుకుపోతున్నారు. మలుపుల దగ్గర ఖాళీ పెయింటు డబ్బాలు గుర్తుగా పెట్టారు. మధ్యలో పంజాబీ డ్రెస్సు మీద విజిల్ వేసుకున్న నలభై దాటిన మనిషే లక్ష్మక్క. వారంలో ఆరు రోజులు పక్క సందులోని వర్క్‌షాపులో పనిచేస్తుంది. ఆదివారం ఈ రోడ్డు ఆమెది.

నేను చైనా ఆమె మాట ఎత్తగానే కళ్ళు పెద్దవి చేసింది. "మా పీటీ సారు ఒక సీడీ తెచ్చిండు. అండ్ల ఉన్నది గామెనే! ఆమె అడుగులు ఎంచి ఎంచి నేర్సుకున్న. ఆమెకు గడ్డకట్టిన నీళ్ళు, నాకు గుడి గచ్చు" అంది.

గుడి గచ్చు కథ ఇది. లక్ష్మక్కది ఔరాద్ వైపు ఒక ఊరు. ఆమె చిన్నప్పుడు ఊరు మొత్తానికి నున్నటి నేల హనుమంతుడి గుడి చుట్టూ పోసిన గచ్చు ఒక్కటే. పీటీ సారు ఇచ్చిన పాత స్కేట్లు కట్టుకుని అక్కడ తిరుగుతానంటే ఊరి పెద్ద నర్సయ్య ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. దేవుడి చుట్టూ తిరగడమంటే కుడివైపే, ఎడమవైపు తిరిగితే దోషం. లక్ష్మక్క మూడేళ్ళు ప్రదక్షిణంగానే తిరిగింది. స్కేటింగ్ పందెం ప్రపంచంలో ఎక్కడైనా ఎడమవైపే తిరుగుతుందని సారుకు తెలియదా అంటే, తెలుసు. దేవుడి దగ్గర ఆయనా నోరెత్తలేదు.

"బెంగళూరుల మొదటి పందెం. మొదటి మలుపుల్నే పడ్డ. అందరి కుడికాలు ఎడమకాలు మీదికెళ్ళి దాటుతాంది, నాది ఉల్టా లేస్తాంది. ఊళ్ళె ఏడాది నవ్విండ్రు." ఆ తర్వాతే సీడీ, ఈ కొల్హార్ రోడ్డు. ఏడాదిపాటు కాళ్ళకు మళ్ళీ అక్షరాభ్యాసం చేయించి రాష్ట్ర పోటీలో గెలిచింది. ఆ పల్లెల నుంచి అంతవరకు వెళ్ళిన మొదటి ఆడపిల్ల ఆమే. మోకాలు దెబ్బతినేదాకా పరిగెత్తింది.

"ఇప్పుడు భయమంత భాగ్య గురించే" అంటూ ఒక పిల్లను చూపించింది. భాగ్య నర్సయ్య మనుమరాలు. ఆదివారం ఒక్కరోజు కొల్హార్‌కు వస్తుంది, మిగతా రోజులు ఊళ్ళో అదే గచ్చు మీద, అదే కుడివైపు. ఎంపికయ్యేది ఒక్కరే. పదిహేడు నిండబోతోంది, ఆ విభాగంలో ఆమెకు ఇదే చివరి అవకాశం.

"మరి నర్సయ్యగారికి చెప్పొచ్చు కదా?" అన్నాను.

"ఎట్ల చెప్తరు? దేవుని మాటాయె" అంది.

పన్నెండున్నరకు ఆ నర్సయ్యే ఔరాద్ బస్సు దిగి వచ్చాడు, తెల్ల ధోవతి, చేతిలో రొట్టెల మూట. మనుమరాలి పందెం చూడడం ఆయనకు ఇదే మొదటిసారి. జొన్నరొట్టె, పల్లికారం అందరికీ పంచాడు. నాకు రెండో రొట్టె వద్దంటే వినలేదు. "తినమ్మా, పట్నపోళ్ళు తినకనే ఎండిపోతరు."

మూడింటికి బీదర్ స్టేడియంలో పోటీ. ఐదుగురు పిల్లలు. భాగ్య మొదటి నుంచీ ముందే ఉంది. చివరి మలుపులో వెనక పిల్ల దగ్గరికి వచ్చింది. ఆ తొందరలో భాగ్య ఎడమకాలు కుడికాలు మీదికి లేచింది. పడింది. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. ఆటల మీద మోజు లేదన్నది నేనే. భాగ్య లేచి, చీరుకుపోయిన అరచేతితోనే గీత దాటింది. మూడో స్థానం.

నర్సయ్య అయోమయంగా లక్ష్మక్క వైపు తిరిగాడు. "దినాం రెండు గంటలు తిరుగుతది గదా లచ్చిమీ. మల్ల ఎట్ల పడ్డది?"

లక్ష్మక్క భాగ్య చేయి కడుగుతూ తల ఎత్తకుండానే అంది: "దినాం కుడిదిక్కు తిరుగుతది మామా. పందెం ఎడమదిక్కు ఉంటది. బెంగళూరుల నేను పడ్డది గూడ గందుకే."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"దేవుని మాట నిన్ను ఎట్ల అడగాలె?"

"అడగంది అమ్మన్న పెడ్తదా బిడ్డా?" ముసలాయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "పగటీలి పన్నెండుకు గుడి తలుపులేస్తరు. నాలుగు దాక స్వామి పండుకుంటడు. పండుకున్న దేవునికి ప్రదక్షిణం ఏముంటది? అప్పుడు ఎటన్న తిరుగుండ్రి."

"గంతేనా మామా?"

"గంతే."

లక్ష్మక్క నవ్వింది. నవ్వుతూనే మెట్టు మీద కూర్చుని, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఐదున్నర బస్సుకు తిరిగి వచ్చాను. కోట చూడలేదు, అది ఎక్కడికీ పోదు. దారి వేసినవాళ్ళ కథల్లో డబ్బు లేకపోవడం, మైదానం లేకపోవడం వెతకడం నాకు అలవాటు. ఇక్కడ అడ్డం పడింది ఎవరూ అడగని ఒక్క ప్రశ్న. చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే నన్ను బాధపెట్టింది. భాగ్యకు ఆ ఏడాది తిరిగి రాదు. నెల తర్వాత ఫోన్ చేస్తే, ఆదివారాలు ఇప్పుడు లక్ష్మక్కే ఊరికి వెళుతోందని తెలిసింది. ఆ గచ్చు మీద మొదటిసారి ఎడమవైపు తిరిగింది పిల్లలు కాదట, పట్టీ కట్టిన మోకాలితో ఆమేనట.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక సూచన: బీదర్‌లో ఔరాద్ బస్సు ఎక్కి, చక్రాలక్క ఊరంటే కండక్టరే దింపుతాడు. దర్శనం కావాలంటే నాలుగు తర్వాత వెళ్ళండి. పిల్లల్ని చూడాలంటే ఆదివారం పన్నెండు దాటాక వెళ్ళి, చప్పట్లు మాత్రం మెల్లగా కొట్టండి. లోపల స్వామి పడుకుని ఉంటాడు.