గడప బయట బూట్లు

గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులో ఒక పద్ధతి ఉంది. ఇంటి మనిషి నైట్ షిఫ్ట్ చేసొచ్చి గని బూట్లు గడప బయట విడిచాడంటే లోపల నిద్రపోతున్నాడని అర్థం. ఆ ఇంటి ముందు పిల్లలు ఆడరు, లోపల గిన్నె చప్పుడు కూడా వినపడదు. నా గొంతు మాత్రం ఆ పద్ధతికి ఎన్నడూ లొంగలేదు. నేను గుసగుసలాడినా నాలుగిళ్ల అవతలికి వినపడుతుందని మా ఆయన వెక్కిరిస్తాడు.

నిరుడు ఒక నైట్ షిఫ్ట్ వారంలో, ఏడో తరగతి చదివే మా అమ్మాయి ట్యూషన్ నుంచి సైకిల్ లేకుండా నడిచి రావడం మొదలుపెట్టింది. సైకిల్ ఏదంటే దోస్తు ఇంట్లో ఉందనేది. నాలుగు రోజులు చూసి నాకు ఒళ్లు మండింది. వంటింట్లోకి లాక్కెళ్లి నిలదీశాను. చొక్కా పొడుగు చేతిని పైకి జరిపి మోచేతి మీద గాయం చూపించింది. ఇద్దరు పెద్ద పిల్లలు తోసేసి సైకిల్ గుంజుకుపోయారట.

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే ఒర్లుతవ్. నాయిన లేస్తడు. నిద్ర సాలకుంటే గనిల పానానికే ముప్పని నువ్వే అంటవ్ గదా."

నా మాటే నాకు గుచ్చుకుంది. అంతలోనే కోపం ముంచుకొచ్చి నిజంగానే ఒర్లాను. మా ఆయన లుంగీ సర్దుకుంటూ లేచొచ్చి, సంగతి విని, పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నీకేమన్నయితే నాకు నిద్రెక్కడిది బిడ్డా? మొదలు నన్ను లేపాలె."

ఠాణాకు బయల్దేరుతుంటే లైనులోని పిల్లలు మూగారు. ఆ ఇద్దరే ఒకడి బ్యాటు గుంజుకున్నారట. ఒక పిల్లను కొట్టి గడియారం లాక్కున్నారట. నాన్న నిద్ర చెడుతుందని ఎవరూ ఇంట్లో చెప్పలేదు. అందరినీ పెద్దవాళ్లతో సహా షేర్ ఆటోల్లో కుక్కి తీసుకెళ్లాం.

"మీ దిక్కు నుంచి పిల్లల ఫిర్యాదే రాదమ్మా. అంత మంచిగనే ఉందనుకున్న," అంటూ కానిస్టేబులమ్మ అందరివీ రాసుకుంది. తిరిగొస్తుంటే ఆటోలో ఒకటే గోల, ఎవరు ఎంత ధైర్యంగా చెప్పారో అని. మా ఆయన అందరికీ మిర్చిబజ్జీలు తినిపించాడు. నాకైతే ఆ గోల పండగలా అనిపించింది.

కొన్నాళ్లకు ఠాణా నుంచి ఫోనొస్తే నేనూ అమ్మాయీ వెళ్లి సైకిల్ తెచ్చుకున్నాం. లైనులోకి వచ్చేసరికి మా గడప బయట బూట్లున్నాయి. అలవాటుకొద్దీ "మెల్లగ" అనబోయాను.

అమ్మాయి ఆగకుండా బెల్లు కొడుతూ, "నాయినా, లే, సైకిల్ దొరికింది," అని లైనంతా వినపడేలా ఒర్లింది. అచ్చం నా గొంతే.