గంజి పెట్టిన గ్లౌజు

నా చిన్నప్పుడు వాన వెలిసిన ప్రతి ఉదయం మా వీధి పొడవునా నూలు పడుగు పరుచుకునేది. ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ, మధ్యలో వందల దారాలు. బాపు ఒక పక్క, అమ్మ ఒక పక్క నిలబడి దారాలకు గంజి పట్టించి, కుంచెతో దువ్వుకుంటూ నడిచేవాళ్లు. ఎండ తగిలేకొద్దీ దారం బిర్రుగా, మెరుస్తూ తయారయ్యేది. గంజి లేని దారం మగ్గం మీద పుటుక్కున తెగుతుంది, గంజి పట్టిన దారం నిలబడుతుంది. పదకొండేళ్ల వయసులో ఒక వస్తువును కాపాడటం గురించి నాకు తెలిసిన విద్య అంతా ఇంతే. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. తర్వాత జరిగినదంతా దీని నుంచే జరిగింది.

మా ఊరు చౌటుప్పల్‌కు దగ్గర. తెలంగాణ వచ్చిన రెండో ఏడు బడికి కొత్తగా వచ్చిన ఆటల సారు వెదురు విల్లులు తెప్పించి, మైదానంలో బాణాలు వేయడం నేర్పసాగాడు. బడి పిల్లలు, కాలేజీ పిల్లలు కలిసి ఇరవై మందిమి చేరాం. నెల తిరిగేసరికి ఆరుగురం మిగిలాం. ఆ ఆరుగురిలో నాది ఆరో స్థానం, మా పక్కింటి అక్కది మొదటిది. అక్క అప్పుడు ఇంటర్ రెండో ఏడు. వాళ్లదీ మగ్గమున్న ఇల్లే. పొద్దున కండెలు చుట్టి, సాయంత్రం మైదానానికి వచ్చేది. విల్లు ఎత్తిందంటే ఆమె ముఖంలో ఇల్లూ వాకిలీ ఏదీ కనిపించేది కాదు.

జిల్లా పోటీల్లో అక్క గెలిచింది. తర్వాతది హైదరాబాద్‌లో ఎంపిక. అక్కడ పేరు వస్తే ఆటల హాస్టల్లో చోటు, డిగ్రీ చదువు, తిండి అన్నీ దొరుకుతాయి. రాకపోతే ఇంటర్‌తో చదువు ఆపి హైవే పక్కనున్న మందు గోలీల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోవాలని వాళ్ల నాయిన తేల్చి చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఒక్కడి రెక్కలతో ఆ ఇల్లు నడవడం లేదు, అంతే. కంపెనీ బస్సు రోజూ మా వీధి మొదట్లో ఆగి హారన్ కొట్టేది. ఆ హారన్ వినపడగానే అక్క చేతిలో ఉన్న పని ఒక్క క్షణం ఆగేది.

ఎంపికకు ముందు ఒక చిక్కు వచ్చింది. నారి లాగి లాగి అక్క కుడిచేతి మూడు వేళ్ల కొసలు కోసుకుపోయాయి. గుడ్డ పేలిక చుట్టుకుంటే అది జారి బాణం పక్కకు పోయేది. సారు పట్నం నుంచి ఒక తోలు గ్లౌజు తెప్పించాడు గానీ అది మగవాళ్ల చేతి కొలతది. వేలి కొసన అర అంగుళం ఖాళీ. అప్పుడు అక్క, నేను బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తాత దగ్గరికి వెళ్లాం. మా తాత కాదు, వయసును బట్టి అందరూ అలా పిలిచేవాళ్లు.

తాత ఎన్నడూ అటువంటిది కుట్టలేదు. అయినా పట్నం గ్లౌజును తిప్పి తిప్పి చూసి, అక్క చేత గాలిలోనే నారి లాగినట్టు చేయించి, తాడు ఎక్కడ తాకుతుందో బొగ్గుతో ఆమె వేళ్ల మీద గీత పెట్టాడు. తర్వాత మేకతోలు ముక్కలు నాలుగు మా ముందు పడేసి, ఎంచుకోమన్నాడు. అక్క అన్నిటికంటే మెత్తటిది తీసింది.

"మెత్తగున్నదని మోసపోకు బిడ్డా. అది కడుపు దిక్కుది. లాగితే సాగుతది, మల్ల ఎనక్కి రాదు. గిదీ, ఈపు దిక్కుది పట్టు."

ఆ సాయంత్రం తాత చెప్పినవన్నీ నేను నోటుబుక్కులో రాసుకున్నాను. నాకు చిన్నప్పటి నుంచి అంకెలు వేసి రాసుకునే అలవాటు. మొదట వాసన చూడాలి, మంచి తోలుకు తంగేడు చెక్క వాసన వస్తుంది. రెండు వేళ్లతో మడిచి వదిలితే మడత గీత నిలవకూడదు. నారి వేలికి తెలిసేంత పల్చగా, కోసుకోనంత మందంగా ఉండాలి. తాడు ఆనే చోట కుట్టు రాకూడదు. కొత్త గ్లౌజుతో పోటీకి పోకూడదు, వారం పది రోజులు వాడితే అది వేలి వంపు నేర్చుకుంటుంది. చెమట పట్టాక పొడిగుడ్డతో తుడవాలి. మూడు రోజులకోసారి ఒక చుక్క ఆముదం రాసి నీడలో పెట్టాలి. మొత్తం ఏడు.

అక్క నా భుజం మీదుగా తొంగి చూసి నవ్వింది. "ఏందిరో ఇంజినీరు, ఏడేనా? పదన్న చెయ్."

గ్లౌజు రెండు రోజుల్లో తయారైంది. మూడు వేళ్లకు మూడు తొడుగులు, చేతి వెనుక నుంచి మణికట్టుకు ఒక పట్టీ. వారం తిరిగేసరికి అది అక్క వేళ్లలా వంగి, చేతికి లేనప్పుడు కూడా ఏదో పట్టుకున్నట్టే కనిపించేది. బాణాలు ఒకదాని పక్కన ఒకటి దిగసాగాయి. సారు మాట్లాడటం మానేసి చేతులు కట్టుకుని చూసేవాడు.

గురువారం ఎంపిక అనగా శనివారం పొద్దున అక్క వాళ్లమ్మతో చుట్టాలింట్లో చావుకు వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ గ్లౌజు నా చేతిలో పెట్టింది. ఆముదం రాసే రోజు అది. ఎట్లా రాయాలో నోటుబుక్కులో ఉంది కదా అంది.

నేను ఆముదం రాయలేదు. గ్లౌజు తొడుక్కుని మైదానానికి వెళ్లాను. ఆరో స్థానంలో ఉన్నవాడికి మొదటి స్థానం వాళ్ల చెయ్యి ఎలా ఉంటుందో చూడాలనిపించింది, ఇంతకంటే వేరే కారణం లేదు. నా వేళ్లకు అది వదులు. నాలుగో బాణం దారి తప్పి వాననీళ్ల గుంటలో దిగబడింది. గ్లౌజు తీయకుండానే చెయ్యి మోచేతి దాకా బురదలో పెట్టి బాణం లాగాను.

ఇంటికొచ్చి బోరు నీళ్లతో కడిగాను. బురద పోలేదని బట్టల సబ్బు రుద్దాను. తడిసిన తోలు పిండిన గుడ్డలా వేలాడింది. నోటుబుక్కు తెరిచి ఏడు అంశాలూ చదివాను. తడిస్తే ఏం చేయాలో అందులో లేదు. ఆదివారం పొద్దున ఎండ కాసింది. వీధిలో బాపు, అమ్మ పడుగుకు గంజి పెడుతున్నారు. అడుగున మిగిలిన గంజిలో గ్లౌజును ముంచి, లోపలా బయటా పట్టించి, పాత కుంచెతో దువ్వి, పడుగు చివరన బండ మీద ఎండకు పెట్టాను. నీడలో పెట్టాలన్నది ఆముదం రాసినప్పటి మాట కదా అని సమాధానం చెప్పుకున్నాను. దారానికి వచ్చే బలం దీనికీ వస్తుందని నిజంగా నమ్మాను. మధ్యాహ్నానికి అది మెరుస్తోంది. చూసి సంతోషపడ్డాను కూడా. తీరా వేలు దూర్చబోతే చెక్కలా ఉంది. బలంగా వంచాను. మూడు వేళ్ల మడతల దగ్గరా పగుళ్లు వచ్చాయి.

బస్టాండు దాకా పరుగెత్తాను. తాత దాన్ని చేతిలోకి తీసుకుని పగుళ్లను గోటితో గీకి చూశాడు.

"గంజి వెట్టినవారా?"

"పెట్టిన తాతా."

"ఎందుకు?"

"గట్టిగయితదని."

తాత నవ్వబోయి ఆగిపోయాడు. "దారానికి వెట్టేది తోలుకు వెడ్తివా కొడుకా. అన్నీ రాస్కుంటివి గదా?"

"తడిస్తే ఏం జెయ్యాల్నో నువ్వు చెప్పలే."

"నువ్వు అడగలే," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. "తడిస్తే ఏం గాదు. తుడిచి, నీడకు ఆరవెట్టి, గా దినమే నా దగ్గరికి పట్కొస్తే అయిపోతుండె. నువ్వు దాస్తివి."

తడిగుడ్డతో తుడిచాడు, ఆముదం పోసి బొటనవేళ్లతో పిసికాడు. నూనె లోపలికి ఇంకలేదు, పైనే నిలిచింది. తాత దగ్గర వీపు దిక్కు తోలు అయిపోయింది. కడుపు దిక్కు ముక్కే మిగిలింది. పట్నం పోయి వేరే తోలు తెచ్చి కుట్టినా వేలికి అలవాటు పడటానికి రోజులు లేవు. ఏదీ లేకపోవడం కంటే అదే మేలని తాత అప్పటికప్పుడు ఆ ముక్కను కత్తిరించడం మొదలుపెట్టాడు. కత్తిరిస్తూనే, తల ఎత్తకుండా నాతో ఒక ఒప్పందం చేసుకున్నాడు.

"గిప్పుడు చెప్తే దానికి కోపమొస్తది. కోపంల బాణమెయ్యరాదు. గీ నాలుగు దినాలు నేను నా మీదేసుకుంట. పట్నం పోయి వచ్చినంక నువ్వే చెప్పాలె. చెప్తవా?"

"చెప్త తాతా."

మర్నాడు ఊరి నుంచి వచ్చిన అక్క నాతో కలిసి తాత దగ్గరికి వచ్చింది. తప్పు తనదేనని, వీపు దిక్కుదనుకుని వేరే ముక్క కుట్టానని, అది పగిలితే పిల్లవాడు తెచ్చి ఇచ్చాడని తాత ఆమె ముఖంలోకి చూసి చెప్పాడు. నలభై ఏళ్లుగా తోలు పట్టిన మనిషి ఒక పిల్లవాడి కోసం తన చేతిపని మీద తానే నింద వేసుకున్నాడు. అక్క పాత గ్లౌజు తీసుకుని పగుళ్లు చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మంచి తోలు వాసనతో తెలుస్తుందన్న తాత మాటనే పరీక్షిస్తోందనుకున్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, కొత్త గ్లౌజు తీసుకుని వెళ్లిపోయింది.

గురువారం హైదరాబాద్‌లో ఏం జరిగిందో సారు చెప్పగా విన్నాను. సగం దాకా బాగానే వేసింది. తర్వాత తోలు సాగిపోయింది. నడిమి వేలి తొడుగు తిరిగి, కుట్టు సరిగ్గా నారి కిందికి వచ్చింది. వదిలిన ప్రతిసారీ నారి కుట్టుకు తగులుకుంది. గ్లౌజు తీసేసి వట్టి వేళ్లతో మిగిలిన బాణాలు వేసిందట, నారికి రక్తం అంటిందట. ఎంపికైన చివరి పేరుకు సరిగ్గా కింద ఆమె పేరు ఉంది, ఒక్క స్థానంలో పోయింది.

అక్క తిరిగి వచ్చిన సాయంత్రం నేను వాళ్ల గడప దాకా వెళ్లాను. ఆమె వేళ్లకు పసుపు పెట్టుకుంటోంది. ఏమిట్రా అని అడిగింది. ఏం లేదని వచ్చేశాను. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ తర్వాత పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాను. పరీక్షలైన వారానికి కంపెనీ బస్సు హారన్ కొట్టింది, అక్క ఎక్కింది. ఇక చెప్పి లాభమేమిటి అనుకోవడం మొదలైంది.

తాత నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. బస్టాండు మీదుగా వెళ్తుంటే పని ఆపి చూసేవాడు, అంతే. ఆ చూపు తప్పించుకోవడానికి నేను బడికి చుట్టుదారి పట్టాను. కొన్నేళ్లకు రోడ్డు వెడల్పు చేసి ఆ జాగా ఖాళీ చేయించారు. తాత హాలియా దిక్కు తన బిడ్డ ఊరికి పోయాడని, ఆ మరుసటేడు చనిపోయాడని విన్నాను. విన్నప్పుడు మొదట కలిగింది బాధ కాదు, తేలిక. దాన్ని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అంకెలు వేసి రాసేవాడు ఒక అంకె ఎగ్గొట్టకూడదు.

నేను పాలిటెక్నిక్ చదివి, పోయిన ఏడు అదే కంపెనీలో మిషన్ల మరమ్మతు పనిలో చేరాను. అక్క ఇప్పటికీ ప్యాకింగ్‌లోనే ఉంది. పొద్దంతా రెండు చేతులకూ రబ్బరు గ్లౌజులు. పొద్దున ఒకే బస్సు కోసం నిలబడతాం. మొన్న వానాకాలంలో ఒక రోజు బస్సు ఆలస్యమైంది, మేమిద్దరమే ఉన్నాం. నోరు తెరిచాను.

"అక్కా, ఆ గ్లౌజు ఖరాబ్ చేసింది తాత గాదు. నేను."

"ఎరుకే," అంది.

"తాత చెప్పిండా?"

"ఆయనెందుకు చెప్తడు? వాసన చూసిన గదరా ఆ పొద్దు. నేను గూడ మగ్గమింట్ల పుట్టినదాన్నే. గంజి వాసన నాకెరుక లేదా?"

మరి అప్పుడే ఎందుకు అడగలేదని అన్నాను.

"నువ్వే చెప్తవని చూసిన." ఆమె బస్సు వచ్చే దిక్కు చూసింది. "తాత గూడ చూసిండు. ఎప్పుడు కలిసినా, పోరడు చెప్పిండా బిడ్డా అని అడిగేటోడు. ఆఖరుకు దవాఖానల ఉన్నడంటే చూడవోయిన. అప్పుడు గూడ అదే అడిగిండు. చెప్పిండు తాతా అని అన్న."

బస్సు వచ్చింది.

అక్క వదిలేసి పోయిన ఆ పగిలిన గ్లౌజు నా దగ్గరే ఉంది. నెలకోసారి ఒక చుక్క ఆముదం రాస్తాను. పదేళ్లయినా నూనె లోపలికి పోదు, పైనే నిలుస్తుంది, గుడ్డతో తుడిచేస్తాను. కంపెనీలో ఏ మిషన్ దగ్గర పని నేర్చుకున్నా, కాగితంలో లేనిది జరిగితే ఏం చేయాలని ముందే అడుగుతాను. తప్పు జరిగితే ఆ గంటలోనే పై అధికారికి చెబుతాను. జాగ్రత్తపరుడినని మెచ్చుకుంటారు. చెప్పవలసిన ఇద్దరిలో ఒకరికి ఇక ఎప్పటికీ చెప్పలేను. రెండోవారికి చెప్పినప్పుడు, ఆమెకు నా మాటతో పని అయిపోయి ఎన్నో ఏళ్లయింది.

బస్సులో ఎప్పుడూ అక్క ముందు నిలబడుతుంది, నేను వెనుక. కూర్చోవడానికి చోటు దొరకదు. ఆమె పైనున్న కడ్డీ పట్టుకుంటుంది. అందరూ పట్టుకున్నట్టు పిడికిలితో కాదు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు, ఆ మూడే కడ్డీకి వంచి, బొటనవేలూ చిటికెన వేలూ విడిగా ఉంచుతుంది. కంపెనీ గేటు వచ్చేదాకా ఆ మూడు వేళ్లనే చూస్తూ నిలబడతాను.