సుద్దముక్క నాది, డస్టర్ నూకరత్నానిది

ఇవాళ రావికమతం బడిలో, రాజ్యాంగం అధికారాన్నంతా ఒక్కరి చేతిలో ఎందుకు పెట్టలేదో పాఠం చెప్పి బోర్డు తుడిచాను. సుద్దపొడి ముక్కుకు తగలగానే నర్సీపట్నంలో నా ఐదో తరగతి గుర్తొచ్చింది.

టీచర్ గారు బయటికి వెళ్తే, లీడరునైన నేను మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలి. తప్పుగా రాస్తే తుడిచే డస్టర్ నా తోటి పిల్ల నూకరత్నం దగ్గరుండేది. తన పేరు మాత్రం తను తుడుచుకోకూడదు. టీచర్ గారు తిరిగొచ్చేసరికి పేరు మిగిలినవాళ్లు బెంచీ ఎక్కాలి.

ఆ రోజు, నన్ను ఆటలో చేర్చుకోని ముగ్గురి పేర్లు కోపంతో రాసేశాను. వాళ్లసలు నోరే విప్పలేదు. నూకరత్నం లేచి మూడు పేర్లూ తుడిచేసింది.

"డస్టరిలాగియ్యి," అన్నాను.

"ఇవ్వను. టీసర్ గారు నాకిచ్చారు. నీకెందుకియ్యాలేటి?"

నేను ఇంతింత అక్షరాలతో దాని పేరు రాశాను. వరండాలో టీచర్ గారి చెప్పుల చప్పుడు వినపడింది.

"తుడిసీ, బేగి తుడిసీ!" అని వెనక బెంచీలోంచి ఎవరో గుసగుసలాడారు.

నూకరత్నం తుడవలేదు. డస్టర్ గుండెకు హత్తుకుని బెంచీ ఎక్కింది.

నేనే గెలిచాననుకున్నాను. కానీ ఆ ముగ్గురూ బెంచీ ఎక్కలేదు. టీచర్ గారు పెట్టిన నియమమే నన్ను ఆపిందని ఇప్పుడు పిల్లలకు చెబుతాను గానీ, అది సగమే నిజం. డస్టర్ చేతిలో ఉండి కూడా తన పేరు తుడుచుకోని పిల్ల లేకపోతే, ఆ నియమం నా సుద్దముక్క ముందు నిలిచేది కాదు.