పరాయి మిషన్లో తెలుగు కార్డు

మా ఇంటి ఓనరు పోయారని నాకు తెలిసింది వాట్సాప్‌లో. రేణిగుంట ఫ్యాక్టరీలో టీ తాగుతూ ఫోన్ తీస్తే, మా వీధి గ్రూపులో ఎవరో పెట్టిన గులాబీల శుభోదయానికీ, నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకూ మధ్య ఆ వార్త ఇరుక్కుని ఉంది. "జాతకాల సారు నిద్రలోనే పోయినారు. హార్ట్ ఎటాక్." దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. సారు మిద్దె మీద చెత్త పోగేసి తేళ్లను పెంచుతున్నాడని మునిసిపాలిటీకి అర్జీ పెట్టిన పెద్దమనిషి అందరికంటే పొడుగ్గా సంతాపం రాశాడు, మహానుభావుడు అని. టీ గ్లాసు పక్కన పెట్టేశాను. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసహ్యం.

ఆయన్ని మహానుభావుడని చెప్పడానికి నేనిది రాయడం లేదు. అలా అంటే ఆయనే ఒప్పుకోరు. తిరుపతి బస్టాండు దగ్గర ఒక చిన్న బడ్డీ బంకులో కంప్యూటర్ జాతకాలు వేసేవారు. కొండ దిగి వచ్చినవాళ్లు, బస్సుకు ఇంకా టైముందని, పుట్టిన తేదీ చెప్పి ఒక కాగితం తీసుకుని పోయేవాళ్లు. ఆ కాగితాలతోనే ఇల్లు కట్టారు. ఫోన్లు వచ్చి బంకు మూతపడింది. మేము ఆయనింట్లో కింది పోర్షన్లోకి అద్దెకు చేరేనాటికి మిగిలినవి జాతకాల సారన్న పేరూ, మిద్దె మీద రేకుల గదీ, గది నిండా పాత సామానూ.

జాతకాల మీద నాకు నమ్మకం లేదని చేరిన కొత్తలోనే మొహం మీద అనేశాను. అద్దె ఇల్లు ఊడుతుందేమోనని మా ఆయన నా కాలు తొక్కాడు. సారు నవ్వారు.

"నాకూ లేదు పాపా. చంద్రుడు యాడుండాడో చెప్పేది లెక్క. దాన్నిబట్టి నీకు ఉద్యోగమొస్తాదా రాదా అని చెప్పేది నోరు. నా మిషను లెక్క కాడికే. నోటి పని పొట్ట కోసరం చేసినా."

ఆ గదిలోకి వెళ్లాలంటే నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవాల్సిందే. విప్పేసిన డబ్బాల్లో బల్లి గుడ్లు. పవర్ సప్లైల్లో బొద్దింకల సంసారాలు. బ్యాటరీలు కారి పచ్చగా చిలుం పట్టిన బోర్డులు. సారు బోర్డు మీది దుమ్మును పంచె కొసతో తుడిచి, అదే కొసతో మూతి తుడుచుకునేవారు. ఒకరోజు కుడిచేత్తో పెరుగన్నం తింటూ ఎడంచేత్తో ఒక డబ్బా మూత లాగితే బొద్దింక బయటికొచ్చి కంచం అంచు ఎక్కింది. దాన్ని వేలితో మీటి పారేసి మిగతా అన్నం తిన్నారు. నేను ఆ పూట తినలేదు.

టంకాల సంగతి అంతకంటే ఘోరం. ఫ్యాక్టరీలో నా పనే అది. భూతద్దం కింద బోర్డులు చూసి, టంకం సరిగ్గా లేనివి పక్కన పడేయాలి. సారు పెట్టిన టంకాలు చూస్తే ఒళ్లు జలదరించేది.

"సార్, ఇది టంకమా, పిట్ట రెట్టా?"

"కరెంటుకు అందం తెలీదు పాపా. దోవ ఉంటే పోతాది."

"ఇటివ్వండి, నేను సరిచేసి పెడతా."

"వద్దు తల్లా. నువ్వు చేస్తే సక్కగా ఉంటాది. నాది కాకుండా పోతాది."

ఇంతకీ ఆయన చేస్తున్నది ఏమిటంటే, బల్ల మీద ఆయన మొదటి మిషను ఒకటుంది. కీబోర్డూ కంప్యూటరూ ఒకే డబ్బాలో ఉండి, టీవీకి తగిలించుకునే రకం. పెళ్లయిన కొత్తలో మద్రాసు నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారట. దానికి ఇంగ్లీషు తప్ప రాదు. దాని పక్కన జానెడు పొడవున్న ఒక కార్డు. అది తర్వాత కాలంలో బంకులో పెట్టిన పీసీ కడుపులోది. అప్పట్లో పీసీలకు తెలుగు రాదు. ఇలాంటి కార్డు ఒకటి లోపల గుచ్చితే తెర మీద తెలుగు అక్షరాలు వచ్చేవి. ఆ పీసీ ఎప్పుడో చచ్చిపోయింది, కార్డు బతికుంది. ఈ కార్డును ఆ పాత మిషనుకు తగిలించి తెలుగు పలికించాలని ఆయన పట్టు.

ఒక జాతి మిషను కోసం చేసిన కార్డు ఇంకో జాతి మిషన్లో దూరనే దూరదు. అంచున ఉండే పిన్నుల కాళ్ల లెక్క వేరు, ఏ కాలు ఏ పనికో ఆ వరస వేరు. కార్డుకు రకరకాల వోల్టేజీలు కావాలి, పాత మిషను దగ్గర ఉన్నది ఒకటే. వీటన్నిటికీ మించి, పీసీ ఆన్ కాగానే తన కార్డును లేపడానికి కొన్ని ఆజ్ఞలు పంపుతుంది. అవి అందకపోతే కార్డు కళ్లు తెరవదు. ఆ ఆజ్ఞలేమిటో కనిపెట్టి, వాటిని పాత మిషను చేత చెప్పించాలి. జాతకాల మనిషి కాబట్టి ఆయన దీన్ని పొంతన అనేవారు.

"పొంతన కుదర్లేదని వదిలేస్తే ఈ ఊర్లో సగం పెండ్లిండ్లు కావు. మద్దెన ఒకడుండి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పుకుంటా రావాల."

ఆ మధ్యవర్తి, రెట్టల్లాంటి టంకాలతో ఆయన చేతుల్లో తయారవుతున్న బోర్డు.

"ఇదంతా ఎవరికోసం సార్? ఫోన్లో తెలుగు రాదా?" అని ఒకసారి విసుక్కున్నాను. అప్పుడు చెప్పారు. విన్నాక నా విసుగు ఆయన మీది నుంచి వేరేవాళ్ల మీదికి పోయింది.

ఓనరమ్మది జ్యేష్ఠా నక్షత్రమని పెళ్లికి ముందే వాళ్ల ఊళ్లో పంచాంగం చూసే ఆయన తేల్చాడు. జ్యేష్ఠలో పుట్టిన పిల్ల కోడలిగా వస్తే బావగారికి గండమని ఒక పాడు నమ్మకం ఉంది. సారు పట్టుబట్టి ఆమెనే చేసుకున్నారు. ఏడాది తిరక్కుండా సారు అన్నను చిత్తూరు రోడ్డులో లారీ గుద్దింది. లారీ డ్రైవరు తాగి ఉన్నాడన్న సంగతి అందరూ మరిచిపోయారు. జ్యేష్ఠను మాత్రం ఎవరూ మరవలేదు. పేరంటాలకు ఆమెను పిలిచేవాళ్లు కారు, పిలిచినా తాంబూలం చిట్టచివర. తోడికోడలు ఆమె చేతి మంచినీళ్లు ముట్టదు. చదువుకున్నవాళ్లే, ఉద్యోగాలు చేసేవాళ్లే. ఇది రాస్తుంటే నా చేతికి జిడ్డు అంటుకున్నట్టుంది.

పాత మిషన్లో సారు సొంతంగా ప్రోగ్రాం రాశారు. పంచాంగాల పాత సూత్రాలు పట్టుకుని కాదు, ఆ క్షణాన చంద్రుడు ఆకాశంలో నిజంగా ఎక్కడున్నాడో దాన్ని బట్టి లెక్క కట్టే ప్రోగ్రాం. అందులో మొదట వేసింది భార్య పుట్టినవేళే. జ్యేష్ఠ కాదని వచ్చింది. ఆమె పుట్టినవేళకు చంద్రుడు జ్యేష్ఠకు ముందుదైన అనూరాధను ఇంకా దాటలేదు. కానీ అది ఇంగ్లీషులో వచ్చింది. ఓనరమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. నోటితో చెబితే, "నీ నోరు పదిమందికి పది చెప్తాది, నన్ను కూడా నమ్మిస్తా ఉండావా" అనేసింది. తర్వాత పీసీ వచ్చింది, తెలుగు కార్డు వచ్చింది. దాంట్లోకి కొన్న ప్రోగ్రాం పాత సూత్రాలది. అది చక్కటి తెలుగులో జ్యేష్ఠ అని చూపించింది. అది మాత్రం ఆమె గడగడా చదువుకుంది.

"ఫోన్లో వచ్చేదాన్ని ఆమె నమ్మదు పాపా. ఈ మిషన్ని నమ్ముతాది. దీని పక్కన కూసోని కాయితాలు చింపి ఇచ్చిన మనిషి. ఇదే చెప్పాల, తెలుగులో చెప్పాల."

"ఏ నక్షత్రమైతే ఏంటి సార్? అసలు నక్షత్రాల వల్ల మనుషులు చావరని చెప్పండి. అది కదా చెప్పాల్సింది."

ఆయన టంకం కడ్డీ పక్కన పెట్టారు. "చెప్పినా. కొత్తల్లో రోజూ చెప్పినా. ఆ మాట ఆమెకు పట్టుకునేదానికి అందలా. ఇంకో నక్షత్రమైతే అందుతాది."

నాకు ఆ జవాబు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. మురికిని మురికితోనే కడుగుతున్నట్టు అనిపించేది.

ఎండాకాలంలో ఒకసారి ఓనరమ్మను పైకి పిలిచారు. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. కార్డు మేలుకుంది, తెర మీద తెలుగు వచ్చింది కూడా. కానీ అక్షరాలొకచోట, గుణింతాలొకచోట, వత్తులు ఎక్కడో కింద.

"ఇది తెలుగంట! ఎద్దు ఉచ్చ పోసినట్టుండాది" అని ఆమె దిగిపోయింది. అందరికంటే ఎక్కువ నవ్విందీ సారే. ఆ సాయంత్రమే వైర్లన్నీ పీకి మళ్లీ మొదలుపెట్టారు.

పోయిన నెలలో నేను డ్యూటీకి వెళ్తుంటే గేటు దగ్గర ఆపారు. గడ్డం గీసుకోలేదు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. "అయిపోయినాది పాపా. వత్తులు కూడా సక్కగా కూసున్నాయి. ఆదివారం నువ్వు ఇంటికాడ ఉంటావు కదా, మీ ఓనరమ్మని చెయ్యి పట్టుకోని మెల్లిగా పైకి తీసుకురా." అలాగే సార్ అన్నాను. ఆదివారం దాకా ఆయన లేరు.

పెద్దకర్మ రోజు ఇల్లు కిటకిటలాడింది. బతికుండగా గుమ్మం తొక్కనివాళ్లంతా వచ్చారు. పాయసంలో బెల్లం చాల్లేదన్నారు. ఇంటి దస్తావేజులు ఎక్కడున్నాయని ఆరా తీశారు. సారు అన్న కొడుకు చేతిలో వడతో నా దగ్గరికొచ్చి, "మీరు బోర్డుల ఫ్యాక్టరీలోనే కదక్కా పన్జేసేది? ఆ కార్డుల కాళ్లకి బంగారు పూత ఉంటాదంట కదా. వీడియోలో సూసినా. రేపు పాత సామాన్లోడు వస్తాడు, ఆలోపల కత్తిరించి పెట్టుకుంటా" అన్నాడు. ఆ వేళ్ల నుంచి నూనె కారుతోంది.

ఇంతలో విస్తరి ముందు కూర్చున్న తోడికోడలు, గొంతు తగ్గించకుండానే అంది. "ముందు నా మొగుణ్ణి మింగినాది, ఇప్పుడు దాని మొగుణ్ణి. జ్యేష్ఠ ఊరికే పోతాదా?"

వింటున్నవాళ్లు తలలూపారు. ఒకరు ఇంకాస్త పప్పు వేయించుకున్నారు. పక్క గదిలో గోడకానుకుని కూర్చున్న ఓనరమ్మకు ఆ మాట వినపడింది. ఆమె తల ఎత్తలేదు.

నేను వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, పైకి రా."

"ఇప్పుడా? ఇంత మంది ఉండంగానా?"

"ఇప్పుడే."

మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. గది తలుపు తీశాను. పొద్దున పుణ్యాహవాచనం నీళ్లు ఇల్లంతా చల్లారు కదా, మైల ఎక్కడా మిగలకూడదని ఎవరో భక్తురాలు చెంబులో మిగిలిన పసుపునీళ్లు ఈ మిషను మీద కుమ్మరించి పోయింది. నీళ్లు ఆరిపోయాయి. కార్డు కాళ్ల నిండా పసుపు గట్టిపడి ఉంది. ఆన్ చేస్తే ఏమీ రాలేదు. ఓనరమ్మ ఒక నిట్టూర్పు విడిచి వెనక్కి తిరగబోయింది.

"ఉండమ్మా" అని స్విచ్ ఆపి కార్డు ఊడబీకాను. నా బ్యాగులో మా పాప రబ్బరు ఉంది, పెన్సిల్ గీతలు చెరిపేది. దాంతో ఒక్కో కాలూ రుద్దాను. పసుపు మడ్డి ఉండలుగా రాలి, కింద నుంచి బంగారు పూత తేలింది. లోపల ఇంకెక్కడా తడి లేదని చూసుకుని, కార్డు మళ్లీ గుచ్చి స్విచ్ వేశాను. తెర వెలిగింది. పుట్టిన తేదీ, వేళ, ఊరు అడిగింది, తెలుగులో.

ఓనరమ్మ అన్నీ తడుముకోకుండా చెప్పింది. "ఎన్నిసార్లు అడిగినాడో ఆ మనిషి, నాకు నోటికొచ్చేసినాది."

మిషను చాలాసేపు ఆలోచించింది. పాత మిషను కదా, దానికి తొందర లేదు. తర్వాత ఒక్కో వరస దిగింది. గుణింతాలు, వత్తులు, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. నక్షత్రం దగ్గర ఓనరమ్మ ముందుకు వంగింది. బడి పిల్లలా పైకి చదివింది.

"అ... నూ... రా... ధ."

మళ్లీ చదివింది. ఆ తర్వాత తెర వైపే చూస్తూ అంది, "అయితే మా బావ సచ్చింది నా వల్ల కాదు."

నన్ను అడగలేదు. ఇన్నేళ్లూ ఆమె ఊళ్లోవాళ్ల మాటలు పడుతోందనుకున్నాను. ఆమె ఆ మాటలు నమ్ముతోందని నాకు తట్టలేదు. సారుకు తెలుసు. ఇన్నేళ్లూ ఆయన ఒక్కరికే తెలుసు. ఏ నక్షత్రమైతే ఏంటన్న నా వాదన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ పూట నాకు ఆ ఇంటి మీద, కింద తేన్పుల మీద, నమ్మించినవాళ్ల మీద, అందరి మీదా పుట్టిన రోత ఇంకా తగ్గలేదు. తగ్గకూడదు కూడా.

కింద నుంచి తోడికోడలు గొంతు. "ఏమే, యాడికి పోయినావు? దీపంలో నూనె అయిపోతాంది!"

ఓనరమ్మ లేవలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఏమే! నిన్నే!"

"పైకి రాక్కా" అంది ఓనరమ్మ. ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "మీ కొడుకుని కూడా తోడుకోని రా. వచ్చి సదువుకోండి."

కింద మాటలు ఆగిపోయాయి. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. ఓనరమ్మ అరచేత్తో తెర మీది దుమ్మును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తుడిచి, వాళ్లకు అడ్డం రాకుండా స్టూలు కొంచెం పక్కకు జరుపుకుని, తలుపు వైపు మొహం పెట్టి కూర్చుంది.