నా గొంతు విని భోజనానికొచ్చిన ఊరు

ఒక మాట నాకు నచ్చలేదు. తీసేశాను. అంతే, చోడవరం మెయిన్ రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి. మా అత్తగారు గోడకు చేరగిలబడి తెలిసిన దేవతలందరినీ పేరుపేరునా పిలిచారు. పెళ్ళయి ఆర్నెల్లు తిరక్కుండానే పుట్టింటికి పెట్టె సర్దుకోవాలేమోనని నేను వణికిపోయాను. ఇంత నష్టం చేయడానికి తుపానుకైనా వాయుగుండం, హెచ్చరిక, గాలి అంటూ కొంత తతంగం కావాలి. నాకు ఒక్క క్యాసెట్టు చాలింది.

తొంభైల నాటి మాట. మా మామగారు సూర్యనారాయణ గారికి చోడవరంలో హోటలుండేది. హోటలనగానే అద్దాల తలుపులు ఊహించుకోకండి. రేకుల కప్పు, నాలుగు బల్లలు, పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం. మామగారు మాటల్ని కూడా నెయ్యిలాగే వడ్డించేవారు, చెంచాతో. అలాంటి మనిషి, హోటలు పెట్టి పాతికేళ్ళు నిండుతున్నాయనగా, ఒక సాయంత్రం మమ్మల్ని కూర్చోబెట్టి ఏకధాటిగా మాట్లాడారు.

"శుక్రవారం మజ్జానం ఆసుపత్రిలో ఉన్నోళ్ళకి మనవే బోయినం పట్టుకెళ్ళి పెడదాం. రోగులకీ, కూడా ఉన్నోళ్ళకీ."

"ఇప్పుడెందుకండీ అంత ఖర్చు?" అన్నారు అత్తగారు.

"ఈ కొట్టు నిలబెట్టింది ఆళ్ళే కదేటి? ఆసుపత్రి గేటు కాడ మొదట పొయ్యెట్టినప్పుడు మన కాడ ఎవలు తిన్నారు? మంచం మీద మనిషిని ఒదిలి, దిగులుతో వచ్చి తిన్నోళ్ళే. ఆళ్ళ దిగులు మీద మనం ఇడ్లీ అమ్ముకున్నాం. ఒక్క పూటైనా డబ్బులడక్కుండా పెట్టకపోతే ఎలాగ?"

అత్తగారు బియ్యం లెక్క చూడటానికి లేచారు. ఆ పూట ఎవరూ భోజనం కొనుక్కోకుండా, ముందురోజు ఆసుపత్రి గేటు దగ్గర రెండుసార్లు చెప్పించాలి. సినిమాలకీ, తప్పిపోయిన గేదెలకీ ఆటోలో మైకు కట్టుకుని తిరిగే నూకరాజు ఉండనే ఉన్నాడు. అతను వేయడానికి క్యాసెట్టు రికార్డు చేసే పని నేను మీద వేసుకున్నాను. కాలేజీలో వక్తృత్వపు పోటీలో స్టీలు గ్లాసు గెలిచినదాన్ని. ఆ గ్లాసు నా తలకెక్కి చాలా కాలమైంది.

మామగారు చెప్పమన్నది ఇంతే: "ఆసుపత్రిలో ఉన్న రోగులకు, వారి వెంట ఉన్నవారికి, శుక్రవారం మధ్యాహ్నం ఉచిత భోజనం."

మీరే చెప్పండి, హోటలు పేరు పక్కన 'రోగులు' అనే మాట ఏం బాగుంటుంది? మా సాంబారు తాగే రోగులయ్యారనుకోరూ? అందుకని రోగుల్ని తీసేశాను. రోగులు పోయాక ఆసుపత్రి ఒంటరిగా ఏం చేస్తుందని దాన్నీ తీసేశాను. తలుపులన్నీ మూసుకుని, గొంతు సవరించుకుని ఇలా రికార్డు చేశాను:

"ఆకలిగొన్న ఆత్మబంధువులారా! పాతికేళ్ళుగా మీ అభిమానంతో ఎదిగిన మీ చోడవరం సూర్యనారాయణ హోటల్, శుక్రవారం మధ్యాహ్నం మీకందరికీ ఉచితంగా కమ్మని భోజనం వడ్డిస్తోంది. రండి! కుటుంబ సమేతంగా తరలిరండి!"

కుటుంబాలను ఎందుకు లాగావని అడక్కండి. లయ కుదిరింది.

నూకరాజు విని కళ్ళు తుడుచుకున్నాడు. "వదినమ్మా, ఇంత మంచి మాట ఆసుపత్రి కాడ సెప్పేసి ఊరుకుంటే పాపం తగులుద్ది. పెట్రోలు నాది. ఈ ధర్మంలో నాదీ ఒక సెయ్యి" అని ఆటో ఎక్కాడు. నేను మురిసిపోయాను. ఎక్కడిదాకా వెళ్తున్నావని అడగాలని తోచలేదు.

శుక్రవారం పొద్దున అన్నం, పప్పు, వంకాయ కూర గుండిగల్లో సిద్ధమవుతున్నాయి. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రికి చేర్చాలి. అంతలో చెరకు బళ్ళు తోలే మనుషులు కొందరు లోపలికి తొంగిచూశారు.

"బోయినం ఇక్కడేనా?"

"ఇంకా టైముంది. టోకెన్ తీసుకోండి" అన్నారు అత్తగారు.

"టోకెనేటమ్మా? ఊరకనే అన్నారు కదా! మైకులో ఆడమనిషి సెప్పింది."

అత్తగారు నా వైపు చూశారు. నేను వంకాయల వైపు చూశాను.

ఆ తర్వాత రావికమతం నుంచి షేర్ ఆటోలు వచ్చాయి. ఒక్కో ఆటోలోంచి మనుషులు దిగుతూనే ఉన్నారు, పుట్టలోంచి చీమల్లా. వడ్డాది నుంచి కూరగాయల గంపలతో ఆడవాళ్ళొచ్చారు. వాళ్ళు నా మాటను అక్షరాలా పాటించారు, పిల్లల్నీ తెచ్చారు. జనం అరుగు నిండి, రోడ్డు మీదికి పాకారు. బస్సు డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ విసిగి, తనూ దిగి వచ్చాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మరీ మంచిదైపోయి ఊరంతా వచ్చి కూర్చుంది.

మామగారు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏటి సెప్పావమ్మా మైకులో?"

మొత్తం అప్పజెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు.

"ఆసుపత్రి ఏదమ్మా?"

"తీసేశానండి."

"రోగులు?"

"వాళ్ళనీ... తీసేశానండి."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని మళ్ళీ భుజానేసుకున్నారు. తిట్టినా బాగుండేది.

"తలుపులేసీండి!" అన్నారు అత్తగారు ఏడుపు గొంతుతో. "కొత్త కోడలు, చిన్న గుంట, తెలీక సెప్పింది, ఎల్లిపోండని సెప్పండి."

"పిలిసింది మన కోడలు. పిలిసి, వచ్చినోళ్ళని పొమ్మంటే రేపు ఆళ్ళ మొకం ఎలా సూస్తాం? ఆకులెయ్యండి."

ఆకులు పడ్డాయి. నేను అన్నం వడ్డిస్తున్నాను గాని నా కళ్ళు గుండిగలోనే ఉన్నాయి. బావిలో నీళ్ళు ఎండుతుంటే చూసినట్టు చూస్తున్నాను. వడ్డించిన ప్రతి గరిటెకీ ఆసుపత్రిలో ఒక మంచం ఖాళీ కడుపుతో నా వైపు తిరిగినట్టుండేది. ఒక పంక్తి లేచేలోగా ఇంకో పంక్తి కూర్చునేది. చేతికి దూది అంటించుకున్న ఒకాయన పప్పు మారు వడ్డించమన్నాడు, మళ్ళీ అడిగాడు. మధ్యాహ్నమయ్యేసరికి గరిటె గుండిగ అడుగుకి తగిలి ఠంగుమంది. ఆ చప్పుడు నా గుండెలో మోగింది.

సరిగ్గా అప్పుడే ఎదురు హోటలు గోవిందు రోడ్డు దాటి వచ్చాడు. వచ్చేపోయే గిరాకీ కోసం మామగారూ అతనూ ఏళ్ళ తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. 'అయిపోయింది, ఇంక కొట్లాటే' అనుకున్నాను.

"సూరిబావా! నీ కోడలు పున్నెమా అని నా కొట్లో ఈగ కూడా లేదు. వండిన అన్నం ఎవలికి పెట్టుకోను?"

మామగారు తలవంచుకున్నారు. "తప్పైపోయింది గోవిందూ."

"తప్పేటి? గుండిగ ఎక్కడ దించమంటావో సెప్పు. ఆసుపత్రోళ్ళు నా కాడ మాత్రం తినలేదేటి ఇన్నాళ్ళూ?"

మామగారే రోడ్డు దాటి గుండిగకు రెండో చెయ్యి వేశారు. గోవిందు అన్నం వచ్చింది గాని ఆసుపత్రికి అది చాలదు. తిని చెయ్యి కడుక్కుంటున్న వడ్డాది నుంచి వచ్చిన ఒకామె సంగతి విని, తన గంపలోని బెండకాయలు మా చాప మీద బోర్లించింది. "ఊరకనే తినెల్లిపోతే అరగదమ్మా. కత్తిపీట ఇలాగియ్యి" అని కూర్చుని తరగడం మొదలుపెట్టింది. పక్క బియ్యం కొట్టాయన బస్తా పంపాడు. చెరకు బళ్ళవాళ్ళు కట్టెలు చీల్చారు. పొయ్యి మళ్ళీ రాజుకుంది. నా కళ్ళలో నీళ్ళు చూసి ఏమిటని అడిగినవాళ్ళకు పొగ అని చెప్పాను.

వంట దిగింది. తీసుకెళ్ళడానికి దొరికింది చెరకు దించేసిన ఎడ్లబండి. ఎద్దులకు నా కంగారు ఏం తెలుసు? పెళ్ళి ఊరేగింపులా నడిచాయి. నేను బండి వెనక పరుగెత్తబోయి, బండినే దాటిపోయి, మళ్ళీ వెనక్కొచ్చాను. 'పస్తున్న జబ్బుమనిషి ఎవరైనా సొమ్మసిల్లితే?' అన్న ఆలోచన నన్ను వదల్లేదు.

ఆసుపత్రి వార్డులోకి అడుగుపెట్టి నిర్ఘాంతపోయాను. మంచాలు సగానికి పైగా ఖాళీ.

"రోగులేరీ?" అన్నాను, ఆ మాటకు అంత విలువుందని మొదటిసారి గ్రహించి.

ఆయా చీపురు కింద పడేసింది. "ఇప్పుడొచ్చి అడుగుతన్నారా? మీ మైకు ఇని నడవగలిగినోళ్ళంతా మీ హోటలుకే లేసిపోయేరు! డాక్టరు బాబు సూదట్టుకుని ఒక్కడే తిరుగుతన్నాడు!"

చేతికి దూది ఉన్న ఆయన ఎవరో అప్పుడర్థమైంది. నవ్వొచ్చింది గాని, మూలమంచం చూసేసరికి ఆగిపోయింది. కాలికి కట్టుతో ఒక ముసలమ్మ గోడవైపు తిరిగి పడుకునుంది.

"మైకులో రమ్మన్నారు గానమ్మా, నా కాలు ఇలాగుంది. మనకి కాదులే అనుకున్నాను" అంది.

మామగారు నేల మీద కూర్చుని, విస్తట్లో అన్నం కలిపి ఆమె చేతికందించారు. "నీకే వండేం అప్పా. దార్లో కొంచెం ఆలీసమైంది."

లేవలేనివాళ్ళకీ, వాళ్ళను వదిలి రాలేక ఉండిపోయినవాళ్ళకీ మేం వడ్డించాం. బయటికొస్తూ మామగారు నాతో అన్నారు: "రాగలిగినోడు ఎలాగోలా తింటాడమ్మా. రాలేనోడి కాడికి మనమే ఎల్లాల. అందుకే ఆసుపత్రి అన్నాను."



సాయంత్రం ఇంటిల్లిపాదీ కూలబడి ఉండగా నూకరాజు ఆటో వచ్చి ఆగింది. మొహం వెలిగిపోతోంది.

"వదినమ్మా! ఇవాళ పొద్దున్న దేవరాపల్లిలో కూడా సెప్పేసేను. క్యాసెట్టు నలిగి 'శుక్రవారం' అన్నది సరిగ్గా ఇనబళ్ళేదంట. రేపొస్తామన్నారు. లారీ మాటాడుకున్నారు."

అత్తగారు మళ్ళీ గోడకు చేరగిలబడ్డారు. మామగారు నన్ను చూశారు, నూకరాజును చూశారు, పగలబడి నవ్వారు. ఆయన నవ్వు వినడం నాకదే మొదలు. నవ్వి నవ్వి, ఎదురు కొట్టువైపు తిరిగి కేకేశారు: "గోవిందూ! రేపు కూడా నీ కొట్లో ఈగలుండవు, రా!"

కనుక సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరైనా ధర్మం చేస్తూ ఒక మాట చెప్పమంటే, దానికి నగలు పెట్టను, పూలు ముడవను, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ఇంకా మంచిది, నోరు మూసుకుని గుండిగ మోస్తాను. ఒట్టు.