మనకి ఇంటర్వ్యూ వచ్చింది

ఫిబ్రవరి 21, శనివారం. ఇవాళ్టి పనులు: పులిహోర కలిపి డబ్బాల్లో సర్దడం, మావారికి సాంబారు కాచి ఫ్రిజ్‌లో పెట్టడం, సహన తెల్లచొక్కా ఇస్త్రీ, కారులో గ్యాస్ (ఇక్కడ పెట్రోలుని అలాగే అంటారు), టైర్లలో గాలి. అన్నీ అయ్యాయి. మిగిలింది మూడు గంటలు డ్రైవ్ చేసి, ఇంటర్వ్యూ ఇప్పించి, తిరిగి రావడం. వెళ్లొచ్చాం. అయితే ఆ పని అయినట్టా కానట్టా అన్నది ఇది రాసేటప్పటికీ నాకు తేలలేదు.

సహన మా అమ్మాయి. పన్నెండో క్లాసు చదువుతోంది. ఇక్కడ అమెరికాలో డాక్టర్ కావాలంటే మామూలుగా ముందు నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత ఎమ్‌క్యాట్ అనే ప్రవేశపరీక్ష, ఆ తర్వాతే మెడికల్ స్కూలు. కొన్ని యూనివర్సిటీలు మాత్రం రెండూ కలిపి, హైస్కూల్ పూర్తికాకముందే సీటు ఖాయం చేస్తాయి. దాన్ని బీఎస్-ఎండీ అంటారు, మొత్తం ఎనిమిదేళ్లు. సీట్లు చాలా తక్కువ. ర్యాంకు చూసి సీటిచ్చే పద్ధతి ఒక్కటే తెలిసిన నాకు ఈ వ్యవహారం ఏడాదిగా అంతుపట్టడం లేదు. మార్కులు పంపాం, వ్యాసాలు పంపాం, ఆసుపత్రిలో డాక్టర్ వెనక నిలబడి చూసిన గంటలు కూడా లెక్కరాసి పంపాం. ఎనిమిది చోట్ల అప్లై చేస్తే ఒక్కచోటి నుంచి పిలుపు వచ్చింది. ఆ సాయంత్రం మావారికి ఫోన్ చేసి, "మనకి ఇంటర్వ్యూ వచ్చిందండీ" అన్నాను.

మా ఊరు అరోరాలో ఉదయం ఆరింటికి బయల్దేరాం. రూట్ 59 మీదుగా వెళ్లి ఐ-55 హైవే ఎక్కితే టోల్ కట్టే పని లేదు. రానూపోనూ గ్యాస్ నలభై డాలర్ల లోపే అయింది. ముందురోజే వెళ్లి హోటల్లో దిగితే ఇంకో నూట ఇరవై అవుతుంది. మంచు పడే సూచన ఉంటే ఆ ఖర్చుకి వెనకాడకండి. మాకు ఆకాశం తేటగానే ఉంది. అటూ ఇటూ కోతలైపోయిన మొక్కజొన్న చేలు, వాటి సాళ్లలో కరగని మంచు. సహన డ్రైవ్ చేస్తానంది, ఇవాళ వద్దన్నాను. దారంతా ప్రశ్నలు అడిగించుకోవాలి మరి. మెడిసిన్ ఎందుకు అని అడిగితే తడుముకోకుండా చెప్పింది. మళ్లీ అడిగాను, మళ్లీ చెప్పింది. మూడోసారి అడిగేసరికి హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంది.

క్యాంపస్ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఎక్కడికని అడిగాడు. మాకు ఇంటర్వ్యూ ఉందని ఇంగ్లీషులో చెప్పాను. "ఇద్దరిలో ఎవరికి మేడమ్?" అని నవ్వాడు. ఇందులో నవ్వడానికేముందో నాకు తెలియలేదు. సహన చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. శనివారం అక్కడ పార్కింగ్ ఉచితం, డబ్బు కట్టే యాప్‌తో కుస్తీ పట్టకండి.

పిల్లల్ని లోపలికి తీసుకెళ్లి, మమ్మల్ని వేరే గదిలో కూర్చోబెట్టి కాఫీ, బేగెల్స్ అనే గుండ్రటి రొట్టెలు ఇచ్చారు. ఒక గంట స్లైడ్లు చూపించారు. నా పక్కన కూర్చున్నావిడ తెలుగావిడే, వాళ్ల అబ్బాయితో బాతెల్ అనే ఊరి నుంచి ఫ్లైట్‌లో వచ్చారు. "మాకిది మూడో ఇంటర్వ్యూ అండీ. ఒకచోట ఎమ్‌క్యాట్ రాయాలి, ఒకచోట అక్కర్లేదు. ఇంకోచోట జీపీఏ కొంచెం తగ్గితే సీటే పోతుంది. మీకేమైనా క్లియర్‌గా ఉందా?" అని అడిగారు. మీరు చెప్పకముందు కొంచెం ఉండేదండీ అన్నాను. ఇద్దరం నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని నవ్వుకున్నాం. ఆవిడకి ఒక డబ్బా పులిహోర ఇచ్చాను.

ఒంటిగంటకి సహన బయటికి వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. ఊరి చివర ఒక చిన్న డైనర్‌లో ఆగాం. చీజ్ శాండ్‌విచ్, టొమాటో సూప్ కలిపి మనిషికి తొమ్మిది డాలర్లు. వడ్డించే ఆవిడ సహన నల్లకోటు చూసి, "ఉద్యోగానికా హనీ, అంత్యక్రియలకా?" అంది.

"ఇంకా తెలీదు" అంది సహన.

ఆవిడ వెళ్లాక అప్పుడు చెప్పింది. "వై మెడిసిన్ అని అడిగాడమ్మా ఆ డాక్టర్. నేను 'వీ ఆల్వేస్ వాంటెడ్ దిస్' అని స్టార్ట్ చేశా. ఆయన పెన్ కింద పెట్టి, హూ ఈజ్ వీ అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మై మామ్ అండ్ ఐ అన్నా. అనేశాక నాకే వినిపించింది."

తెలుగులో అలాగే అంటాం కదే, నేను నేను అంటే గొప్పలు పోయినట్టుంటుంది అన్నాను. "తెలుగులో ఓకే అమ్మా. ఇంగ్లీష్‌లో నేనే మిస్సింగ్" అంది.

తర్వాత ఆయన, సరే, నీ సంగతి చెప్పు అన్నాడట. ఎనిమిదేళ్ల సంగతి నాకు తెలియదు, మంగళవారాలంటే మాత్రం ఇష్టం అందట ఈ పిల్ల. మంగళవారాలు తను నర్సింగ్ హోమ్‌లో వాలంటీర్‌గా చేస్తుంది. అక్కడ స్పూన్ పట్టుకోలేని ఒక ముసలావిడకి అన్నం పెడుతుందట. ఎంత పెడితే మింగగలదో, ఎప్పుడు ఆగాలో ఆవిడ గొంతు చూస్తే తెలిసిపోతుందట. మేం రాసిన ఒక్క వ్యాసంలోనూ ఈ ముసలావిడ లేదు. నాకే తెలియదు.

"ఆయనేమన్నాడు మరి?"

"ఏదో రాసుకున్నాడు."

"ఏం రాసుకున్నాడు?"

"అమ్మా, నాకు తలకిందులుగా చదవడం రాదు."

పదిహేడేళ్లకే ఖాయంగా తేల్చుకున్న పిల్లల కోసం పెట్టిన సీటు అది. అక్కడికెళ్లి తెలియదని చెప్పి వచ్చింది. కొంప మునిగిందా, మంచే జరిగిందా? సూప్ చల్లారిపోయింది.

తిరుగుదారిలో తనే స్టీరింగ్ పట్టుకుంది. ఒక రూల్ కూడా పెట్టింది: తన అప్లికేషన్ గురించి నేను మనం అంటే డాలర్ కట్టాలి. సరే అన్నాను. "మనం థాంక్యూ మెయిల్ ఎప్పుడు పంపాలి?" డాలర్. "మనకి రిజల్ట్ ఎప్పుడు చెప్తారట?" డాలర్. జోలియట్ వచ్చేసరికి ఏడు డాలర్లయ్యాయి. మేము అంటే లెక్కలోకి రాదని బేరం పెట్టాను. తేడా ఏంటని అడిగింది. మనం అంటే నువ్వు కూడా ఉన్నట్టు, మేము అంటే నువ్వు లేనట్టు అని చెప్పాను.

రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. "అయితే నన్ను మనంలో ఎవరు పెట్టారు?" అంది. గొంతులో కోపం లేదు.

ఇంటికి ఇంకాస్త దూరం ఉందనగా ధైర్యం చేసి అడిగాను. "సీటొస్తే తీసుకుంటావా?"

"వస్తే నేను డిసైడ్ చేస్తా. రాకపోతే మనం ఏడుద్దాం."

"ఆ మనానికి నువ్వు కట్టాలి డాలర్."

"నో. అది ఫ్రీ."

వచ్చాక తన గదిలో కూర్చుని థాంక్యూ మెయిల్ రాసింది. చూపించమని అడగలేదు, తనూ చూపించలేదు. పంపేశానని మాత్రం చెప్పింది. ఫలితం ఏప్రిల్‌లోపు వస్తుందట. ఆ డాక్టర్ ఏం రాసుకున్నాడో, ఈ పిల్లకి నిజంగా ఏం కావాలో, అంతవరకూ నేను ఏమని కోరుకోవాలో, మూడూ నాకు తెలియవు. పొద్దున బయల్దేరినప్పుడు చివరి రెండూ తెలుసనుకున్నాను. ఇదే దారిలో వెళ్లబోయేవారికి ఒక్క మాట: వెళ్లేటప్పుడు మీరు నడపండి, వచ్చేటప్పుడు స్టీరింగ్ పిల్లలకివ్వండి. కళ్లు రోడ్డు మీద ఉన్నప్పుడు వాళ్లు ఎక్కువ మాట్లాడతారు.

జోలియట్ దాటాక నోరు జారినవి రెండూ కలిపి సహనకి బాకీ తొమ్మిది డాలర్లు. ఇచ్చేశాను. చెల్లు.