లడాయికోరు

మా ఇంటాయన బతికున్నప్పుడు కొట్లాటకు వెనుదీయడని ఊరంతా ఆయనను లడాయికోరు అనేది. పోలీసు చర్య అయిన కొత్తలో, కంట్రోలు నూలు పంచే చోట తూకం తగ్గిందని గుమాస్తా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా మా మామ మీసం దువ్వుకునేవాడు. "నా కొడుకు లడాయికోరు పోరడు" అని నవ్వేవాడు. అది మంచి మాటే అనుకున్నాను.

ఆయన జ్వరంతో పోయాడు. మగ్గం మీద చీర సగంలో ఉంది. దినాలు అయ్యేదాకా మగ్గం ముట్టకూడదు, ఆ తరువాత మరిది కూర్చోవాలి. ఆడవాళ్లం కండెలు చుట్టాలి గాని మగ్గం గుంటలో కాళ్లు పెట్టకూడదు. అన్నీ తెలుసు నాకు. కాని పడుగుకు పట్టించిన గంజికి ఎలుకలు వస్తున్నాయి. అప్పటికే రెండు పోగులు కొరికాయి. ఆయన అన్నానికి లేచినప్పుడల్లా చాటుగా నాడె విసిరి నాలుగు వరుసలు నేసినదాన్నే కదా అని అయిదో రోజు పొద్దున గుంటలోకి దిగాను.

చప్పుడు విని అత్త ఉరికొచ్చింది.

"ఓసి లడాయికోరుదానా! దినాలన్న కాలేదు గదనే!"

నేను ఎవరితో లడాయి పెట్టుకున్నాను?

సాయంత్రం కులపెద్దను పిలిపించారు. మగ్గం మరిదికిచ్చి నన్ను పుట్టింటికి తోలాలని అత్త పట్టు.

"ఏం పిల్లా, మొగోళ్ల మీద లడాయికొచ్చినవా?"

"లేదు పెద్దయ్యా. ఎలుకలొస్తున్నయి."

"వదినె ఎలుకల మీద లడాయికి పోయింది" అని మరిది కిసుక్కుమన్నాడు.

పెద్ద నవ్వలేదు. చీర మీద అరచెయ్యి మెల్లగా జరిపాడు.

"నీ కొడుకు నేసింది ఏడిదాంక?" అని మామను అడిగాడు.

మామ వంగి చూశాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. కొడుకు నేత ఎక్కడ ఆగిందో, నాది ఎక్కడ మొదలైందో పోల్చుకోలేకపోయాడు.

"అయితె ఆమెను గుంటల్నే ఉండనియ్యి. చిన్నోనికి ఇంకో మగ్గం చూడు."

"అది లడాయికోరుది, పెద్దయ్యా!" అంది అత్త.

"అవ్, లడాయికోరే" అని నా వైపు చూసి తల ఊపి వెళ్లిపోయాడు. తిట్టాడో మెచ్చాడో ఇప్పటికీ చెప్పలేను. ఎలుకలకు భయపడినదానికి ఆ మాట ఎట్లా అంటుకుందో అసలే తెలియదు.

చీర పూర్తయి మగ్గం మీంచి కోసిన రోజు మామ కొత్త పడుగు తెచ్చి గుంట పక్కన పడేశాడు. కోపమో, సమ్మతమో తెలియలేదు. గుంటలో కూర్చుని, పాత పోగుల కొసలకు కొత్త పోగులు అతకసాగాను.